పాపమ్మవ్వను నేనడిగిన ప్రశ్న

1944 జూన్‌లో నన్ను చిత్తూరులోని ఒక బాలల సహాయ సంఘంలో కేసు వర్కరుగా వేసుకున్నారు. సంఘం పేరు ఇక్కడ చెప్పను. అది ఇప్పుడు లేదు గానీ దాన్ని నడిపినవాళ్ళ పిల్లలు ఈ ఊళ్ళోనే ఉన్నారు. కొందరు వకీళ్ళు, ఇద్దరు డాక్టర్లు, ఒక రిటైరైన హెడ్మాస్టరు కలిసి చందాలు వేసుకుని నడిపేవారు. జీతానికి పనిచేసేవాళ్ళం ముగ్గురం: నేను, పిల్లల వసతి గృహం చూసుకునే వార్డెనమ్మ, ఒక బంట్రోతు. మద్రాసులో ఏడాది పాటు శిక్షణ పొంది, సర్టిఫికెట్టు చేతబట్టుకుని వచ్చినదాన్ని నేను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ కాగితం మీద నాకెంత గురి ఉండేదో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే చిరాకు వేస్తుంది.

మా పని రెండు రకాలు. మొదటిది కోర్టు పని. పోలీసులు పట్టుకొచ్చిన పిల్లల్ని తీర్పు చెప్పేముందు మేజిస్ట్రేటు మాకు అప్పగించేవారు. మేము ఆ బిడ్డ ఇంటికి వెళ్ళి, సంగతి సందర్భాలు కనుక్కుని, రాతమూలంగా నివేదిక పెట్టాలి. దీన్ని ఇంటి విచారణ అంటారు. మేజిస్ట్రేటుకు నమ్మకం కలిగితే బిడ్డను నేరం చేసిన పిల్లల్ని పెట్టే సర్టిఫైడ్ స్కూలుకు పంపకుండా, మా పర్యవేక్షణలో ఉంచి ఇంటికే పంపేవారు. రెండోది శనివారం పని. కోర్టుతోనూ పోలీసుతోనూ సంబంధం లేకుండా, ఏ తల్లిదండ్రులైనా మాట వినని బిడ్డనో, బెదిరిన బిడ్డనో మా వరండాకు తీసుకురావచ్చు. వాళ్ళతో కూర్చుని మాట్లాడి, తోచిన దారి చెప్పాలి. దానికి ఫీజు లేదు.

ఫీజు లేదన్న ముక్కే మమ్మల్ని చాలాకాలం ముంచింది. యుద్ధం రోజులు. ఊరికే ఏదైనా ఇస్తామంటే పటాలంలోకి మనుషుల్ని ఎక్కించుకోవడానికే అని జనం అనుకునేవారు. 'తల్లిదండ్రులకు ఉచిత సలహా' అని పెద్దక్షరాలతో బోర్డు పెట్టి, మొదటి రెండు నెలలూ ఆ వరండాలో నేనూ బెంచీ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. తర్వాత ఒకరూ ఇద్దరూ రావడం మొదలైంది. బడి ఎగ్గొట్టి టెంటు సినిమాకు పోయే పిల్లలు, నిద్రలో పక్క తడిపే పిల్లలు, తండ్రి పటాలానికి పోయిన దగ్గర్నుంచి నోరు విప్పని పిల్లలు. సగం మందికి కావలసింది సలహా కాదు, తాము చెప్పేది ఎవరైనా చివరిదాకా వినడం.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఇంటి విచారణకు నాలుగు పేజీల అచ్చు ఫారం ఉండేది. మొదటి పేజీలో ఇల్లు, రెండో పేజీలో తల్లిదండ్రుల నడవడి, మూడో పేజీలో బడి, నాలుగో పేజీలో ఇరుగుపొరుగు అభిప్రాయం. అది కోర్టు కేసుల కోసం పుట్టిన ఫారం. మేజిస్ట్రేటు ఆ బిడ్డను ఎన్నడూ చూసి ఉండరు గనక నలుగురూ ఏమనుకుంటున్నారో ఆయనకు తెలియాలి. తమంతట తాము నడిచి వచ్చినవాళ్ళకు దానితో పనేమీ లేదు. అయినా మా గౌరవ కార్యదర్శి ఏ ఫైలైనా నిండుగా ఉండాలనేవారు. ఆయన పేరున్న సివిల్ వకీలు, కాగితం మీద లేనిది లోకంలోనే లేదని నమ్మిన మనిషి. ఆయన్ని అని ఏం లాభం? ఖాళీగా ఉన్న గడి కనబడితే నాకూ చెయ్యి దురదపెట్టేది.

మరుసటి జనవరిలో ఒక శనివారం పొద్దున మునిరత్నం వచ్చాడు. నగరిలో నేతపని చేసే మనిషి. నలభై దాటి ఉంటాయి. గుంత మగ్గంలో కూర్చుని కూర్చుని నడుము ముందుకు ఒంగిపోయింది. వెంట పన్నెండేళ్ళ కూతురు చెంగమ్మ. తండ్రి బెంచీ కొసన కూర్చుంటే ఆ పిల్ల కిందనే గోడకు ఆనుకుని కూర్చుంది. అతను తన పేరు చెప్పకముందే ఒక మాట అడిగాడు.

"ఈడ చెప్పిన మాట ఈడనే ఉంటాదా అమ్మా?"

ఉంటుందన్నాను. అతని చూపు గుమ్మం దగ్గర నిలబడ్డ బంట్రోతు మీదికి పోయింది. వాడి భుజం మీదుగా అడ్డపట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ళ. వాణ్ణి పోస్టాఫీసుకు పంపించాను. అప్పటికి గానీ అతను నోరు విప్పలేదు.

అతను చెప్పినది ఇది. యుద్ధం వచ్చిన దగ్గర్నుంచి నూలుకు కటకట. వాళ్ళ వీధికంతా నూలు తెచ్చి పంచేది ఒక మేస్త్రీ. ఒక పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసిన దారాలకు, అడ్డంగా నేయడానికి ఇంత పేక నూలని తూచి ఇస్తాడు. నేసిన బట్ట మళ్ళీ అతనికే చేరాలి. నూలు రాని వారం మగ్గం ఆగుతుంది. అలాంటి రోజుల్లో మునిరత్నానికి ఒక పడుగు ముగిసే వేళకు పేక అయిపోవలసింది కాస్తా ఇంకా రెండు జానలు సాగింది. మేస్త్రీ తూకంలో పొరపాటు పడ్డాడేమో అనుకున్నాడు. రెండోసారీ అలాగే సాగింది. బట్టను వేళ్ళతో తడిమి చూస్తే ఒకచోట దారం రవంత లావు. కాపు వేసి కనిపెట్టాడు. కూతురు పావడ మడతలోంచి చిలప అనే నూలు కట్ట ఒకటి తీసి అతని బుట్టలో కలుపుతోంది. అది పాపమ్మవ్వ దగ్గర తీసినది.

పాపమ్మవ్వ వాళ్ళ వీధి చివర ఒంటరిగా ఉండే ముసలామె. ఆ వీధిలోని మగ్గాలన్నిటికీ నూలును చిన్న గొట్టాల మీద కండెలుగా చుట్టిపెట్టడమే ఆమె బతుకుతెరువు. పన్నెండిళ్ళ నూలూ ఆమె బుట్టలోకి వచ్చి, రాట్నం మీద కండెలై తిరిగి పోతుంది. చిలపలు తగ్గుతున్నాయని మేస్త్రీ అప్పటికే ఆమెను నాలుగైదుసార్లు నలుగురిలో నిలబెట్టి అడిగాడట.

"కొట్టినానమ్మా," అన్నాడు మునిరత్నం. "కొడితే ఏడ్వలా. తప్పనుకుంటేనే గదా బిడ్డ ఏడ్చేది. నాకు అప్పుడు భయమేసింది."

తీసిన నూలు తిరిగి ఇచ్చేద్దామంటే అది బట్టలో కలిసిపోయింది, బట్ట మేస్త్రీకి చేరిపోయింది. బయటపెడదామంటే అంతకంటే పెద్ద భయం. అదేమిటో పాఠకులకు తెలియాలంటే పడుగు సంగతి కొంచెం చెప్పాలి. మగ్గం ఎక్కించేముందు పడుగు దారాలకు గంజి పట్టించాలి. తెల్లవారగానే పడుగును వీధి పొడుగునా చాచి, రెండు కొసలా గుంజలకు బిగిస్తారు. ఇద్దరిద్దరు కుంచెలతో గంజి తోముతూ ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. తక్కినవాళ్ళు దారాలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో దూర్చిన వెదురు బద్దలు జరుపుతూ, తెగినవి అతుకుతూ ఉండాలి. ఎండ ముదిరేలోగా ఆ పని ముగియాలి. పది పన్నెండు మంది లేనిదే జరగదు. దానికి కూలి లేదు, పిలుపూ లేదు. నీ పడుగుకు నేను వస్తాను, నా పడుగుకు నువ్వు వస్తావు.

"మా వీధిలో తెలిస్తే పడుగుకు మనిషి రాడమ్మా," అన్నాడు. "మనిషి రాకుంటే మా ఇంట్లో పొయ్యి రాజదు. బిడ్డకు బుద్ధి చెప్పండ. ఈ మాట మాత్రం వీధి దాకా పోకూడదు."

మాట ఇచ్చాను. అతను వెళ్ళి చెట్టుకింద కూర్చున్నాడు.

పిల్లలతో మాట్లాడేటప్పుడు వాళ్ళ చేతికి ఏదైనా పని ఇవ్వాలని మాకు నేర్పారు. మొహంలోకి చూస్తూ అడిగితే బిడ్డ బిగుసుకుపోతుంది. నా కుట్టుపెట్టెలో చిక్కుపడిన దారపుండ ఒకటి ఉంటే చెంగమ్మ ముందు పెట్టాను. నాకు అరపూట పట్టేది, ఆ పిల్ల వేళ్ళ మధ్య మాట్లాడుతుండగానే విడిపోతూ వచ్చింది. నూలు ఎందుకు తీశావని నేను అడగలేదు. నాయన మగ్గం ఆగిన రోజు ఇంట్లో ఎలా ఉంటుందని అడిగాను.

"నాయన గోడ పక్కకు తిరిగి పడుకుంటాడు," అంది. "కూడు పెడితే తినడు. పిలిస్తే పలకడు. మగ్గం ఆడితే పాట పాడతాడు."

అవ్వ బుట్టలో నూలు అవ్వది కాదు కదా అన్నాను. దానికి ఆ పిల్ల నింపాదిగా, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు చూసి చెప్పింది. "ఆ బుట్టలో ఎప్పుడూ ఉండాది గదమ్మా. మా ఇంట్లోనే లేనిది. నేనేమీ అమ్ముకోలా. మగ్గానికే పెట్టినా."

ఇందులో దొంగబుద్ధి లేదు. తండ్రి మాట్లాడాలన్న తాపత్రయం ఉంది. అయితే ఆ చిలప లేనందుకు అవ్వ నలుగురిలో మాట పడిందన్న సంగతి ఆ పిల్ల తలకు తట్టనే లేదు. అది విడమరిచి చెప్పాను. వేళ్ళు ఆగిపోయాయి. తండ్రి కొడితే రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కాసేపు ఏడవనిచ్చి, మునిరత్నాన్ని పిలిచి, ముగ్గురం కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. చెంగమ్మ రోజూ మధ్యాహ్నం అవ్వ ఇంటికి పోయి, ఏమీ ఆశించకుండా కండెలు చుట్టిపెట్టాలి. ఆరు నెలలు. అవ్వకు ఏమీ చెప్పనక్కర్లేదు. చేతులతో తీసినది చేతులతోనే తీర్చుకోవడం. తండ్రి మగ్గం ఆగిన రోజున బిడ్డతో రెండు మాటలు మాట్లాడాలి, అది అతని వంతు. అతను సిగ్గుపడుతూ సరేనన్నాడు.

ఆ ఏర్పాటు పనిచేసింది. ఆ తర్వాత మునిరత్నం రెండు శనివారాలు వచ్చి చెప్పాడు. అవ్వకు చూపు మందగించిందట, పిల్ల చెయ్యి ఆమెకు ఆసరా అయిందట. బుట్టలో ఏదీ తగ్గడం లేదు. చెంగమ్మ రాట్నం దగ్గర కూర్చుని అవ్వ చేత కథలు చెప్పించుకుంటోందని చెప్పేటప్పుడు అతని మొహంలో కొంచెం నవ్వు కనబడింది. నేను అక్కడితో ఫైలు మూసేయవలసింది.

ఫిబ్రవరిలో పై అధికారి ఒకరు సంఘాన్ని తనిఖీ చేయడానికి వస్తున్నారని కబురు వచ్చింది. కార్యదర్శిగారు ఫైళ్ళన్నీ తెప్పించుకుని చూశారు. చెంగమ్మ ఫైలులో మొదటి మూడు పేజీలు నేను మునిరత్నాన్ని అడిగి నింపాను. చివరి పేజీ ఖాళీ. ఇది చాలా మంచి కేసనీ, తనిఖీలో ముందుగా చూపించదగిందనీ, ఒక్క పేజీ కోసం చెడగొట్టవద్దనీ ఆయన అన్నారు. వెళ్ళి పూర్తిచేసుకు రమ్మన్నారు. సొంతంగా వచ్చిన కేసులకు ఆ పేజీ అక్కర్లేదని నేను ఎదురు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నా పని మంచి కేసని ఆయన మెచ్చుకోవడం నాకు బాగుంది.

ఇచ్చిన మాట గుర్తులేక కాదు. దొంగతనం అన్న మాట నా నోట రానివ్వకూడదని గట్టిగా అనుకున్నాను. మామూలు ప్రశ్నలే అడుగుతాను, అడిగినంత మాత్రాన మాట తప్పినట్టు కాదు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. చదువుకున్నవాళ్ళకు ఈ విద్య బాగా వస్తుంది.

ఆడమనిషి ఒంటరిగా టూరు పోకూడదని కార్యదర్శిగారి నియమం. అందుకని బంట్రోతు వెంట వచ్చాడు. కార్వేటినగరం మీదుగా బొగ్గు గ్యాసు బస్సులో వెళ్ళాం. ఎత్తు వచ్చినచోటల్లా దిగి నడిచాం. మధ్యాహ్నం వేళకు నగరి చేరాం. ఆ వీధిలో అడుగు పెట్టేసరికి మగ్గాల చప్పుడు ఒక్కొక్క ఇంట్లోనే తగ్గుతూ వచ్చింది. తెల్లచీర కట్టుకుని, చేతిలో కాగితాల కట్టతో నేను, నా వెనక ఇత్తడి బిళ్ళ బంట్రోతు. ఎవరింటికి అంటే మునిరత్నం కూతురి విషయం అన్నాను. మునిరత్నం గుమ్మంలోకి వచ్చి నన్ను చూశాడు. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. అప్పుడైనా నాకు తెలియలేదు.

మూడిళ్ళలో అడిగాను. పిల్ల మంచిదన్నారు, పెద్దల మాట వింటుందన్నారు. అన్నీ రాసుకున్నాను. నాలుగో ఇల్లు పాపమ్మవ్వది. రాట్నం తిప్పుతూనే నన్ను కూర్చోమంది. చెంగమ్మ అప్పుడు అక్కడ లేదు. రోజూ వచ్చి ఊరికే పని చేసిపెడుతుందనీ, అలాంటి బిడ్డ ఈ వీధిలోనే లేదనీ అవ్వ చెప్పింది. అంతటితో లేవవచ్చు. ఆ పేజీలో ఇంకొక్క గడి మిగిలింది. ఇతరుల సొత్తు నమ్మి అప్పగించవచ్చునా అని దాని పైన అచ్చువేసి ఉంటుంది. నేను దాన్ని వాడుకమాటల్లోకి మార్చి, నూలుబుట్ట దగ్గర ఆ పిల్లను ఒంటరిగా వదిలి వెళ్తుంటారా అని అడిగాను.

రాట్నం ఆగింది.

"ఎందుకమ్మా అట్ల అడుగుతుండారు?" అంది పాపమ్మవ్వ.

అందరినీ అడిగే ప్రశ్నే అన్నాను. ఆమె చూపు నా కాగితం మీదికి, గుమ్మంలోని బంట్రోతు మీదికి, తన బుట్ట మీదికి పోయింది. వదిలి పోతుంటానని చెప్పింది. 'నమ్మవచ్చునని పొరుగువారి అభిప్రాయం' అని రాసుకున్నాను. తనిఖీకి వచ్చిన అధికారి ఆ ఫైలును ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

మలి విచారణ నెలకొకసారి ఉండాలి. మార్చిలో పుత్తూరులో ఒక కోర్టు పని ఉంటే ముందురోజే వెళ్ళి, మర్నాడు పొద్దున్నే నగరి వెళ్ళాను. బంట్రోతుకు జ్వరం రావడంతో ఒక్కదాన్నే వెళ్ళాను. ఎనిమిది గంటలై ఉంటుంది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. వీధిలో పడుగు చాచి ఉంది. ఆ వేళకు పని ముగిసి చుట్టేయవలసిన పడుగు. దాని దగ్గర ముగ్గురే ఉన్నారు. ఒక కొసన మునిరత్నం కుంచె పట్టుకుని ఉన్నాడు. రెండో కుంచె పట్టుకోవలసిన చోట అతని భార్య రాజమ్మ, చంకలో చంటిబిడ్డ. చెంగమ్మ ఆ కొసకూ ఈ కొసకూ పరుగెత్తి బద్దలు జరుపుతోంది. అటు జరిపి వచ్చేసరికి ఇటు దారాలు అంటుకుపోతున్నాయి. విడదీస్తే తెగుతున్నాయి. ఒకటి అతికేలోగా నాలుగు తెగుతున్నాయి. గంజి పొక్కులు కట్టి ఎండిపోయింది.

గుమ్మాలన్నీ తెరిచే ఉన్నాయి. మనుషులు లోపలే ఉన్నారు. ఎవరూ తొంగిచూడలేదు, ఎవరూ తలుపు వేసుకోనూ లేదు. కాగితాలు అరుగు మీద పడేసి నేను వెళ్ళి ఒక బద్ద పట్టుకున్నాను. ఎలా జరపాలో నాకు చేతకాలేదు. నా వల్ల ఇంకో పది దారాలు తెగాయి. వదిలెయ్యండమ్మా అన్నాడు మునిరత్నం. గంటసేపటికి ఆ పడుగు ఎందుకూ పనికిరాకుండా పోయింది. రాజమ్మ అరుగు మీద కూర్చుని బిడ్డకు పాలిస్తూ ఏడ్చింది. చెంగమ్మ ఏడవలేదు. తెగిన దారాలు ఏరుతూనే ఉంది.

నేను మేస్త్రీ ఇంటికి వెళ్ళాను. రావద్దని కట్టడి చేశారా అని అడిగాను. ఆయన నన్ను మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చాడు.

"రావద్దని ఎవురన్నారమ్మా? ఎవురింట్లో పనులు వాళ్ళకుండాయి. మేము ఎవుర్నీ ఏమీ అనలా."

కట్టడి చేసి ఉంటే పెద్దలతో మాట్లాడి ఎత్తించవచ్చు, తహసీల్దారుకు చెప్పవచ్చు. చెయ్యని కట్టడిని ఎవరు ఎత్తేస్తారు? పాపమ్మవ్వ దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఆమె నన్ను కూర్చోమనలేదు.

"నా బుట్టలో నూలు పోతుంటే ఆర్నెల్లుగా నన్ను దొంగ అన్నారమ్మా," అంది. "మీరు వచ్చి అడిగినంక గదా నాకు తెలిసింది. నేను కాదని చెప్పుకోవద్దా? రోజూ వచ్చి కండెలు చుడతా ఉంటే నా మింద ప్రేమ అనుకున్యా."

అందులో తప్పుపట్టవలసిన మాట ఒక్కటి కూడా లేదు. నేను అడిగే ముందు వరకూ అది ప్రేమే అయి ఉంటుందని కూడా నేను చెప్పలేకపోయాను.

తిరిగి వచ్చేసరికి మునిరత్నం కుంచె కడుగుతున్నాడు. నేను ఎవరితోనూ ఆ మాట అనలేదనీ, దొంగతనం అన్న మాటే నా నోట రాలేదనీ మొదలుపెట్టాను. అతను తలెత్తకుండానే అన్నాడు.

"మీరు చెప్పలేదమ్మా. మీరు అడిగినారు. మా వీధికి అది చాలు."

అతని గొంతులో కోపం ఉంటే బాగుండేదని ఆ రోజు అనిపించింది.

పడుగు చెడగొట్టినందుకు మేస్త్రీ తర్వాతి విడత నూలు ఇవ్వలేదు. మూడు వారాలకు ఒక శనివారం మునిరత్నం మళ్ళీ మా వరండాకు వచ్చాడు. పక్కన చెంగమ్మ, చేతిలో చిన్న బట్టల మూట. బిడ్డను ఇక్కడే ఉంచుకోమన్నాడు. పిల్ల ఇంట్లో లేకపోతే వీధి మళ్ళీ పడుగుకు వస్తుందని మాటల్లో మాటగా ఎవరో అతని చెవిన వేశారు. ఎవరని అడిగితే చెప్పలేదు.

మా వసతి గృహం అనాథలకూ, కోర్టు పంపిన పిల్లలకూ మాత్రమే. తల్లీ తండ్రీ ఉన్న బిడ్డను చేర్చుకోవాలంటే ఇల్లు బిడ్డకు తగినది కాదని కేసు వర్కరు రాసివ్వాలి. ఆ ఇల్లు ఎంత తగినదో నాకు తెలుసు. ఇంకేదైనా దారి చూద్దామన్నాను. వాళ్ళను చిత్తూరుకు వచ్చెయ్యమన్నాను. మగ్గం లేనిచోట తానేం చేస్తాడని అతను అడిగాడు. ఇంకో ఊరి నేతవీధికి పొమ్మన్నాను. అక్కడ మాత్రం పడుగుకు తనవాళ్ళెవరని అడిగాడు. నా దగ్గర సలహాలు అయిపోయాయి. తగినది కాదని రాసి సంతకం పెట్టాను. అతనూ పెట్టాడు. వెళ్ళేటప్పుడు కూతురి తల మీద చెయ్యి వేసి, "అమ్మగారి మాట విను పాపా," అని మాత్రం అన్నాడు. ఆ పిల్ల తల ఊపింది. నన్ను నిందించని ఆ ఒక్క మాట నేను ఈనాటికీ మింగలేకపోతున్నాను.

మేలో నేను కాగితం, బంట్రోతు ఏదీ లేకుండా, వార్డెనమ్మకు తప్ప ఎవరికీ చెప్పకుండా నగరి వెళ్ళాను. వీధి మొదట్లో నిలబడ్డాను. మునిరత్నం పడుగు చాచి ఉంది. పన్నెండు మంది ఉన్నారు. మేస్త్రీ తమ్ముడు ఒక కుంచె పట్టుకున్నాడు. పాపమ్మవ్వ గంజికుండ దగ్గర కూర్చుని ముంతతో అందిస్తోంది. ఎవరో ఏదో అంటే నవ్వుకుంటున్నారు. మునిరత్నం నన్ను చూశాడు. రావద్దన్నట్టు చెయ్యి కొంచెం ఆడించి, మళ్ళీ పనిలో పడ్డాడు. నేను బస్సు దగ్గరికి నడిచి వచ్చేశాను.

ఆ సాయంత్రం చెంగమ్మ వసతి గృహం బావి దగ్గర పాత్రలు తోముతోంది. నేను ఎక్కడికి పోయి వచ్చానో వార్డెనమ్మ ద్వారా తెలిసినట్టుంది.

"పడుగుకు వచ్చినారా అమ్మా?" అని అడిగింది.

వచ్చారన్నాను. ఎంతమంది అని అడిగింది. పన్నెండు మంది అన్నాను. ఆ పిల్ల బూడిద అంటిన వేళ్ళ మీద ఒక్కొక్క ఇంటి పేరూ అనుకుంటూ లెక్కపెట్టుకుంది. అవ్వ కూడా వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను. మళ్ళీ గిన్నె అందుకుంది.

"అయితే నేను ఈడనే ఉంటా," అంది.

నాలుగేళ్ళు ఉంది. ఇంటికి పంపే ప్రయత్నం రెండుసార్లు చేశాను. రెండుసార్లూ వద్దన్నది తండ్రి కాదు, ఆ పిల్లే. తండ్రి ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చి వరండాలో కూర్చునేవాడు. తాను నేసిన తుండు ఒకటి ఇచ్చి పోయేవాడు. తల్లి ఒక్కసారి వచ్చింది. పదహారేళ్ళు నిండాక నిబంధన ప్రకారం వసతి గృహం విడవాలి గనక, ఆస్పత్రిలో ఆయా పనికి కుదిర్చాను. మంచి పనిమంతురాలని పేరు తెచ్చుకుంది. నగరికి మాత్రం వెళ్ళలేదు.

ఆ తర్వాత నేను ప్రభుత్వోద్యోగంలో చేరి, చాలా ఊళ్ళు తిరిగి, తిరుపతిలో రిటైరయ్యాను. నా కింద పనిచేసినవాళ్ళ చేత తమంతట తాము వచ్చిన కుటుంబాల గురించి ఇరుగుపొరుగును అడిగించలేదు. నా ఫైళ్ళు పలచగా ఉంటాయని పైనుంచి రెండుసార్లు సంజాయిషీ అడిగారు, ఇచ్చుకున్నాను. ఈ వృత్తిలోకి వచ్చే అమ్మాయిలు ఇప్పటికీ ఏదైనా చెప్పమంటారు. ఒక బిడ్డను గురించి ఎవరినైనా అడిగేముందు, మీరు వెళ్ళిపోయిన మర్నాడు ఆ బిడ్డ ఆ వీధిలో ఎలా నడవాలో ఆలోచించండి, తెలియకపోతే అడగకండి అని చెబుతాను. ఇందులో గొప్ప శాస్త్రమేమీ లేదు. 1945 ఫిబ్రవరిలో నాకు ఈపాటి ఆలోచన రాలేదు. తప్పు చేసింది నేను, ఇల్లు వదిలింది చెంగమ్మ.